50 రోజుల సెలవులు, ఒక స్కూటరు, ఇద్దరు పిల్లలు

పోయిన వేసవిలో స్కూలుకి సెలవులిచ్చిన మూడో రోజుకే మా ఇంట్లో టీవీ రిమోట్ రెండు ముక్కలైంది. లాగినవాడు పెద్దాడు, వదలనిది చిన్నది. వాడు ఆరో తరగతి పూర్తి చేశాడు, అది రెండు. విశాఖ మర్రిపాలెంలో రెండు గదుల వాటా మాది. నాది షిఫ్టు ఉద్యోగం, మా ఆవిడది బట్టల షాపులో బిల్లింగ్. పగలంతా పిల్లల్ని కాసేది మా అమ్మ. ఆవిడ రిమోట్ ముక్కలు తెచ్చి నా చేతిలో పెట్టి, "ఇంకా నలభై ఏడు దినాలున్నాయిరా. నా వల్ల కాదు. ఏటి చేస్తావో చెయ్యి" అంది.

అంతకుముందు ఏడాది సమ్మర్ క్యాంపులో చేర్చి చూశాం. ఎక్కడ అన్నది వద్దులెండి. ఇద్దరికీ కలిపి 7 వేలు కట్టాం. రోబోటిక్స్ అన్నారు. ఒక్క కిట్టు బల్ల మీద పెట్టి చుట్టూ 20 మందిని నిలబెట్టారట. మావాడి వంతు వచ్చేసరికి బ్యాటరీ అయిపోయింది. చిన్నది రెండు వారాల్లో తొమ్మిది నెమలి బొమ్మల జిరాక్సులకు రంగులేసుకొచ్చింది. పెన్సిళ్లు పంచుకునేటప్పుడు దీని వాటాకి ఎప్పుడూ ఆకుపచ్చే మిగిలేదట. తొమ్మిదీ పచ్చ నెమళ్లే.

అందుకని ఈసారి మనమే తిప్పుదాం అనుకున్నాను. అనుకున్న మర్నాడే తప్పు చేశాను. పొద్దున్న పదిన్నరకి జూకి తీసుకెళ్లాను. కంబాలకొండ పక్కన 600 ఎకరాలకు పైగా ఉన్న జూ అది, 1977లో తెరిచారు. నడవడానికి ఎంతయినా ఉంది, కానీ ఆ టైములో నడిచేవాడు పిచ్చివాడు. పులి చెట్టు కింద వెల్లకిలా పడుకుంది. ఎలుగుబంటి అసలు బయటికే రాలేదు. "నాన్నా, అన్నీ మనకంటే తెలివైనవి" అన్నాడు పెద్దాడు. విశాఖలో ఎండ ఒక ఎత్తు, ఉక్క ఒక ఎత్తు. సముద్రం పక్కనే ఉందని చల్లగా ఉంటుందనుకునేది బయట ఊళ్లవాళ్లు. ఒంటి మీద చెమట ఆరదు, అంతే.

ఆ రాత్రి గోడ మీద క్యాలెండర్ తీసి నా షిఫ్టులు గుర్తు పెట్టుకున్నాను. బయట పని ఏదున్నా పొద్దున్న ఎనిమిది లోపు, లేకపోతే సాయంత్రం నాలుగున్నర తర్వాత. మధ్యలో ఇల్లు, నిద్ర, మజ్జిగ, అమ్మ కాచే చోడి అంబలి. ఈ ఒక్క కట్టుబాటు లేకపోతే మిగతావేవీ జరిగేవి కావు.

మొదట సబ్‌మెరైన్. ఆర్కే బీచ్ ఇసుక మీద ఉన్న ఐఎన్‌ఎస్ కురుసురని విశాఖ పిల్లలెవరైనా బయటి నుంచి వంద సార్లు చూసుంటారు. మావాళ్లు లోపలికి ఒక్కసారీ వెళ్లలేదు. నేను ఉత్సాహంగా సోమవారం తీసుకెళ్లాను. సోమవారం సెలవు. గేటు ముందు నిలబడి మురీ మిక్చర్ తిని ఇంటికొచ్చాం. బుధవారం మళ్లీ వెళ్లాం.

లోపల గైడుగా ఉన్నాయన నేవీలో చేసి రిటైరైన మనిషి. పొడవు 91 మీటర్లు, సోవియట్ యూనియన్‌లో తయారీ, 1969 డిసెంబరులో మన నేవీలో చేరింది, 31 ఏళ్లు తిరిగి 2001లో రిటైరైంది, 2002లో మ్యూజియం అయింది. ఇవన్నీ ఆయన గబగబా చెప్పేశాడు. పిల్లలకి అవి ఎక్కలేదు. ఎక్కింది వేరే. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లాలంటే గోడలో గుండ్రటి కన్నం. ముందు ఒక కాలు, తర్వాత తల, తర్వాత రెండో కాలు. చిన్నది సునాయాసంగా దూరిపోయింది. నేను ఇరుక్కున్నంత పని అయింది, నా పొట్ట గురించి ఇంటికొచ్చాక కూడా చెప్పుకున్నారు. టార్పెడోల పక్కనే పడకలు. 75 మంది దాకా ఇందులోనే ఉండేవారంటే పెద్దాడు నమ్మలేదు. "స్నానం?" అని అడిగాడు. "నీళ్లు తాగడానికే కొలిచి వాడేవాళ్లం బాబూ" అన్నాడాయన. మా వాడికి అది స్వర్గంలా వినిపించింది.

బయటికి వస్తూ చిన్నది అడిగిన ప్రశ్నకి నేను తెల్లమొహం వేశాను. ఇనప ముక్క నీళ్లలో మునుగుతుంది కదా, ఇది మునిగి మళ్లీ పైకి ఎలా వస్తుంది? గైడు ఒక్క మాటలో, ట్యాంకుల్లోకి నీళ్లు వదిలితే మునుగుతుంది, గాలి కొట్టి ఆ నీళ్లు బయటికి తోసేస్తే తేలుతుంది అన్నాడు. చిన్నదానికి అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే నాకూ సగమే అర్థమైంది.

ఇంట్లో చేసి చూపించాను. రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా, అమ్మ చెవిలో వేసుకునే మందు సీసా తాలూకు డ్రాపరు. సీసా మూతి దాకా నీళ్లు నింపాలి. డ్రాపరులోకి కాసిన్ని నీళ్లు పీల్చి సీసాలో వదలాలి. అది నీటి మీద కొస మాత్రం కనిపించేలా నిటారుగా తేలాలి. ఇక్కడే గంట పోయింది. మాది ప్లాస్టిక్ డ్రాపరు, ఎంత నీళ్లు పీల్చినా పడుకుని తేలుతోంది. పెద్దాడు పాత చార్జర్ వైరు చీల్చి, రాగి తీగ తీసి దాని మెడకు చుట్టాడు. రెండు చుట్లు ఎక్కువై అడుక్కి పోయింది. ఒక చుట్టు తీసేశాడు. అప్పుడు నిలబడింది. మూత బిగించి సీసా నడుం నొక్కితే డ్రాపరు మెల్లగా కిందికి దిగింది. వదిలితే పైకి వచ్చింది. బాగా చూస్తే తెలుస్తుంది, నొక్కినప్పుడు డ్రాపరు లోపల నీటి మట్టం పెరుగుతుంది, గాలి కుంచించుకుపోతుంది. నీళ్లు ఎక్కువైతే బరువెక్కి మునుగుతుంది, వదలగానే గాలి ఆ నీటిని తోసేస్తుంది. చిన్నది దానికి కురుసుర అనే పేరు పెట్టింది. వారం రోజులు మా ఇంటికి ఎవరొచ్చినా ముందు ఆ సీసా, తర్వాతే మంచినీళ్లు.

బీచ్‌కి వెళ్లిన ఆ సాయంత్రమే ఇంకోటి కంట పడింది. ఇసుకలో వలకట్టిన చిన్న ఆవరణ, లోపల వరసగా గుంటలు, ఒక్కో గుంట దగ్గర తారీఖు, గుడ్ల లెక్క రాసిన చిన్న పలక. అటవీ శాఖ వాళ్లు ఆలివ్ రిడ్లే తాబేళ్ల గుడ్లని తెచ్చి పొదిగించే చోటు. కాపలా ఉన్న కుర్రాడిని అడిగితే, "ఒక గుంట తయారుగా ఉందన్నా. ఎల్లుండి తెల్లారగట్ల రండి. రావొచ్చు, రాకపోవచ్చు" అన్నాడు. ఎల్లుండి నాకు వీక్లీ ఆఫ్.

నాలుగున్నరకి లేపితే పిల్లలు ఒక్క మాట అనకుండా లేచారు. స్కూలుకి ఏడింటికి లేపాలంటే యుద్ధం చేసే మనుషులు వీళ్లే. ఐదుకల్లా బీచ్‌లో ఉన్నాం. సెల్‌ఫోన్ లైటు వేస్తే ఆ కుర్రాడు కేకలేసి ఆర్పించాడు. బయటికొచ్చిన పిల్లలు వెలుతురు ఎటుంటే అటు పోతాయట. మామూలుగా రాత్రి పూట సముద్రం మీదే కాస్త వెలుగుంటుంది, అందుకని అటే వెళ్తాయి. ఇప్పుడు బీచ్ రోడ్డు దీపాలు ఇటు లాగుతాయి.

అతను టబ్బులోంచి వాటిని అలలకు పది గజాల ఇవతల ఇసుక మీద వదిలాడు. నేరుగా నీళ్లలో ఎందుకు వదలరు అని పెద్దాడు అడిగాడు. ఆ నాలుగడుగులు నడిస్తేనే ఈ తీరం వాటికి గుర్తుంటుందని, ఆడ తాబేళ్లు ఏళ్ల తర్వాత గుడ్లు పెట్టడానికి తిరిగి ఈ వైపే వస్తాయని చెప్పాడు. ఒక్కోటి చిన్నదాని అరచేతిలో సగం ఉంది. తడి బొగ్గు రంగు. నాలుగు తెడ్లూ ఒకేసారి ఆడించలేక, ఒకటి ఆగి ఒకటి లాగుతూ, ఇసుక మీద బుల్లి ట్రాక్టరు పోయినట్టు అచ్చులు వేసుకుంటూ కదిలాయి. అల వచ్చి కొన్నింటిని తీసుకుపోయింది, కొన్నింటిని వెనక్కి తెచ్చి వెల్లకిలా పడేసింది. చిన్నది చెయ్యి చాపితే అతను వద్దన్నాడు. ముట్టుకోకుండా నిలబడడం దాని వల్ల కాలేదు, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, నోటితో "అటు కాదే, ఇటు, ఇటు" అని దారి చెప్తూ ఉంది. ఒకటి మాత్రం అందరికీ వ్యతిరేకంగా రోడ్డు వైపు బయల్దేరింది. "అది అన్నయ్యే" అంది.

పెద్దాడు పలక మీద తారీఖు చూసి వేళ్ల మీద లెక్కపెట్టాడు. గుడ్లు పెట్టి 49 రోజులు. 45 నుంచి 60 రోజులు పడుతుందన్నాడు కుర్రాడు, ఇసుక వేడిని బట్టి. ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఇసుక బాగా వేడెక్కితే ఆడపిల్లలు ఎక్కువ, చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువ. ఇది విన్న మా అమ్మ ఇంటి దగ్గర చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మాకు అప్పట్లో ఇసకేదో తెలిస్తే ఎన్ని తిట్లు తప్పేవో" అంది. అమ్మకి నాకంటే ముందు ముగ్గురు ఆడపిల్లలు.

తెల్లారాక చూస్తే సముద్రం మీద ఒక్క మరబోటు లేదు. ఏమైపోయాయి అంటే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లతో వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలం అని చెప్పాను. ఇంటికి వెళ్తూ ఫిషింగ్ హార్బర్ వైపు స్కూటరు తిప్పాను. బోట్లన్నీ ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని నిలబడి ఉన్నాయి. వలలు బాగు చేసుకుంటున్నారు. "వీళ్లకీ సమ్మర్ హాలిడేసా?" అంది చిన్నది. వల అల్లుతున్న పెద్దాయన నవ్వి, "సెలవులే తల్లీ, జీతం లేని సెలవులు" అన్నాడు.

ఇక నీడ సంగతి. ఇది ఒక్క రూపాయి ఖర్చు లేనిది, మా ఇంట్లో ఇప్పటికీ మాట్లాడుకునేదీ ఇదే. భూమధ్యరేఖకీ కర్కట రేఖకీ మధ్య ఉన్న ఊళ్లలో ఏడాదికి రెండు రోజులు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. విశాఖ 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది కాబట్టి మనకి మే 10, 11 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 2 ప్రాంతంలో ఒకసారి. ఢిల్లీ వాళ్లకి ఈ భాగ్యం లేదు, అది కర్కట రేఖకి పైన ఉంది. సమయం కూడా పన్నెండు గంటలు కాదు. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశం ప్రకారం నడుస్తుంది, విశాఖ దానికి కాస్త తూర్పున ఉంది. రోజుని బట్టి మారే ఇంకో చిన్న సవరణ కూడా కలిపితే మే నెలలో 11 గంటల 53 నిమిషాల దగ్గర తేలింది.

మే 10న పదకొండున్నరకి డాబా ఎక్కాం. ఎక్కిన అర నిమిషంలో ముగ్గురం గెంతుతూ కిందికి దిగాం. చెప్పులు వేసుకుని, తడి గోనె సంచులు పరుచుకుని మళ్లీ ఎక్కాం. స్టీలు గ్లాసు, అడుగున్నర పీవీసీ పైపు ముక్క, చాక్‌పీసు. పైపు నిటారుగా ఉందో లేదో చూడడానికి దారానికి బోల్టు కట్టి మేస్త్రీలు వాడే తూకం గుండులా వేలాడదీశాడు పెద్దాడు. ఐదు నిమిషాలకోసారి నీడ కొస దగ్గర గీత. గీతలు పైపుకి దగ్గరవుతూ వచ్చాయి. 11:50కి నీడ అరటి తొక్క అంత మందం. 11:53కి పైపు చుట్టూ ఏమీ లేదు. పైనుంచి తొంగి చూస్తే కన్నంలోంచి వెలుతురు నేరుగా డాబా మీద గుండ్రటి బిళ్లలా పడింది. చిన్నది తన కాళ్ల దగ్గర చూసుకుంది. నీడ మొత్తం చెప్పుల చుట్టూ, నీళ్లు ఒలికినట్టు, అంతే. గెంతింది. గెంతినప్పుడు నీడ కిందనే ఉండిపోయి, తను పైకి లేచింది. "నాన్నా, నా నీడ ఊడిపోయింది!" అని కేక. పక్క డాబా మీద వడియాలు ఎండబెడుతున్న ఆవిడ కూడా గెంతి చూసుకుంది.

మా అమ్మ గొడుగేసుకుని పైకొచ్చింది, పిల్లలకి వడదెబ్బ కొడతాదని నన్ను తిట్టడానికి. గొడుగు నీడ చూసి ఆగిపోయింది. "పొద్దు నడినెత్తికొచ్చిందంటే ఇదేటిరా? రోజూ అంటాం గానీ" అంది. తర్వాత ఆవిడే ఒక ప్రశ్న వేసింది. సూర్యుడు ఇవాళే నెత్తి మీదుంటే, రోళ్లు పగిలే ఎండలు రోహిణి కార్తెలో ఎందుకొస్తాయి? రోహిణికి ఇంకా రెండు వారాలుంది కదా.

నాకు జవాబు చటుక్కున రాలేదు. పెద్దాడికి వచ్చింది. రోజులో కూడా పన్నెండింటి కంటే రెండింటికే వేడి ఎక్కువ కదా నాన్నమ్మా, పొయ్యి మీద పెనం పెట్టగానే కాలదు కదా, అన్నాడు. నేల వేడి పట్టడానికి టైము పడుతుంది. మా అమ్మ ఒప్పుకుంది. పెనం పోలిక కాబట్టి ఒప్పుకుంది.

ఎర్రమట్టి దిబ్బల గురించి ఎక్కువ చెప్పను, చాలామంది వెళ్లినవాళ్లే. భీమిలి దారిలో పొద్దున్న ఆరింటికి వెళ్తే మనుషులుండరు. సముద్రం ఇప్పటికంటే బాగా వెనక్కి ఉన్న మంచుయుగం రోజుల్లో గాలి పోగుచేసిన ఇసుక అది, 12 వేల ఏళ్లకి పైబడిన దిబ్బలు. ఇసుక రేణువుల మీద తుప్పు పట్టి ఎర్రబడింది, మన గేటుకి పట్టే ఐరన్ ఆక్సైడే. 2025 సెప్టెంబరులో యునెస్కో తాత్కాలిక జాబితాలో కూడా చేరింది. మా ఆవిడ ఆదివారం సెలవు దొరికి మాతో వచ్చింది, నలుగురం కాబట్టి ఆ రోజు బస్సు. సెల్ఫీల కోసం దిబ్బల అంచులు ఎక్కి తొక్కి జార్చేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మా పిల్లలు గుప్పెడు మట్టి కూడా తీయలేదు.

తీసిందంతా భీమిలి ఒడ్డున. అక్కడ ఇసుకలో నల్లటి చారలు కనిపిస్తాయి కదా, చాలామంది మురికి అనుకుంటారు. పాడైన స్పీకరులోంచి పీకిన అయస్కాంతాన్ని పాల ప్యాకెట్ కవరులో చుట్టి ఆ చార మీద ఆడిస్తే నల్ల రేణువులు ముళ్లపందిలా నిక్కబొడుచుకుని అంటుకున్నాయి. ఇనుము ఉన్న ఖనిజాలు. కవరు లోపలి నుంచి అయస్కాంతం బయటికి తీస్తే పొడి అంతా రాలిపోతుంది. కవరు చుట్టకుండా మొదటిసారి నేరుగా పెట్టాం. ఆ అయస్కాంతం ఇప్పటికీ గడ్డం పెంచుకునే ఉంది. పోగుచేసిన పొడిని కాగితం మీద పోసి, కింద అయస్కాంతం జరుపుతూ పెద్దాడు వాళ్లమ్మ పేరు రాయబోయాడు. మొదటి అక్షరం దగ్గరే గాలొచ్చింది.

జూన్ మొదటి వారంలో ఏటికొప్పాక వెళ్లాం. ఎలమంచిలి దాకా రైలు, అక్కడి నుంచి ఆటో. వరాహ నది ఒడ్డున ఊరు. లక్క బొమ్మలు విశాఖలో షాపుల్లోనూ దొరుకుతాయి, కానీ తయారీ చూడాలంటే అక్కడికే వెళ్లాలి. వరండాలో కూర్చున్న ఒకాయన అంకుడు కర్ర ముక్కని మిషనుకి బిగించి తిప్పుతూ ఉలి ఆనించాడు. కర్ర తెల్లగా రిబ్బన్లుగా ఊడొచ్చింది. రెండు నిమిషాల్లో బొంగరం ఆకారం తేలింది. రంగు ఎలా వేస్తాడో అని పిల్లలు బ్రష్ కోసం చూస్తున్నారు. ఆయన పసుపు రంగు లక్క కడ్డీ తీసి, తిరుగుతున్న కర్రకి గట్టిగా ఒత్తాడు. అంతే. రాపిడి వేడికి లక్క కరిగి కర్రని చుట్టేసింది. తర్వాత ఎండిన మొగలి ఆకు మడిచి ఒత్తితే అద్దంలా మెరిసింది. నిప్పు లేదు, బ్రష్ లేదు. ఆపగానే చిన్నది బొంగరం పట్టుకుని "వేడిగా ఉంది" అని చెంపకి ఆనించుకుంది.

లక్క అంటే ఏమిటి అని అడిగింది. చెట్టు కొమ్మల మీద పురుగులు కట్టే జిగురు అని చెప్పారాయన. పసుపు రంగు పసుపు కొమ్ముల నుంచి, నారింజ రంగు జాఫ్రా గింజల నుంచి. ఈ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ధర అడిగితే చెప్పారు. బేరం నా నోటిదాకా వచ్చింది. పెద్దాడు నా చొక్కా పట్టుకు లాగాడు, "నాన్నా, నువ్వు చూశావు కదా" అని. అడిగినంతా ఇచ్చి నాలుగు బొంగరాలు తెచ్చాం.

అన్నీ ఇలా సాగాయనుకోకండి. మా వార్డు లైబ్రరీలో ఉచిత వేసవి శిబిరం ఉంటే పెద్దాడు నాలుగు రోజులు వెళ్లి మానేశాడు, చిన్నది మాత్రం కథల కోసం చివరిదాకా వెళ్లింది. అరకు రైలు అనుకున్నాం, టికెట్లు దొరకలేదు. నేను నైట్ షిఫ్ట్‌లో ఉన్న వారమంతా పిల్లలు టీవీయే చూశారు, కొత్త రిమోట్‌తో. మొత్తం ఖర్చు, బొంగరాలతో కలిపి, ముందు ఏడాది క్యాంపుకి కట్టినదాంట్లో సగానికి తక్కువే అయింది.

ఆగస్టు 2న నాది పొద్దున్న షిఫ్ట్. మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి చిన్నది స్కూలు నుంచి రాలేదు. సాయంత్రం బ్యాగు విసిరేసి నేరుగా నా దగ్గరికొచ్చింది. ఈసారి 12 గంటల 3 నిమిషాలని నేనే పొద్దున్న కాగితం మీద రాసిచ్చాను. క్లాసులో చెప్పిందట, టీచరు నవ్వి సరే అన్నారట, 40 మందీ నీళ్ల సీసాలు పట్టుకుని గ్రౌండులో వరసగా నిలబెట్టారట.

"ఏమైంది?" అన్నాను.

"మబ్బు నాన్నా," అంది. "అందరివీ ఊడిపోయాయి. ముందు నుంచే."